పరిచర్య మానేసి మళ్ళీ ఉద్యోగంలో చేరిపోవాలా? ఒక పాస్టరు ప్రశ్నకు జవాబు

వందనాలు తమ్ముడూ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. కుషాయిగూడ వైపు 9 ఏళ్ళుగా సంఘం నడుపుతున్నారు. మీ దగ్గర సంఘ పెద్దగా ఉన్నాయన 11 కుటుంబాల్ని తీసుకెళ్ళి రెండు వీధుల అవతల వేరే సంఘం పెట్టాడు. కానుకలు తగ్గాయి, హాలు అద్దె 2 నెలలు బాకీ పడింది, పాస్టరమ్మ కుట్టుపని మీద ఇల్లు నడుస్తోంది. రాత్రి ఫోన్ మోగితే గుండె దడ, శనివారం వచ్చిందంటే టెన్షన్, మోకరిస్తే మాట రావడం లేదు. "మానేసి పాత ఉద్యోగానికి వెళ్ళిపోతే దేవుణ్ణి మోసం చేసినట్టా?" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఇప్పుడు ఏ నిర్ణయమూ తీసుకోకండి, 3 నెలలు ఆగండి. ఉండాలా వెళ్ళాలా అనేది ఇంతగా అలసిపోయిన మనిషి తేల్చుకోగలిగే సంగతి కాదు. ఈ 3 నెలల్లో ఒంటి సంగతి డాక్టరుకు చూపించుకోండి, నెత్తిన పెట్టుకున్న పనుల్లో సగం వేరేవాళ్ళ చేతికివ్వండి, మీ సంఘానికి సంబంధం లేని ఒక పెద్ద సేవకుడి దగ్గర మనసు విప్పండి. అప్పటికీ వెళ్ళాలనే అనిపిస్తే నిశ్చింతగా వెళ్ళండి. ఉద్యోగం చేసుకోవడం దేవుణ్ణి మోసం చేయడం కాదు.

నాకు 62 ఏళ్ళు. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేస్తూ 1995లో షాపూర్‌నగర్ దగ్గర రేకుల షెడ్డులో ఏడుగురితో సంఘం మొదలుపెట్టాను. ఇప్పుడు 140 కుటుంబాలున్నాయి. ఈ మధ్యలో రెండుసార్లు మానేయాలనుకున్నాను. ఒకసారైతే పెద్దలకు ఇవ్వడానికి ఉత్తరం కూడా రాసుకున్నాను. మీరు రాసిన ఆ గుండె దడ నాకు బాగా తెలుసు.

2009 ఎండాకాలంలో ఒక మంగళవారం సాయంత్రం ఒక విశ్వాసి ఇంటి ముందు స్కూటర్ ఆపాను. ఆ ఇంటాయన డయాలసిస్‌లో ఉన్నాడు, ప్రార్థన చేయడానికి వెళ్ళాను. కిటికీలోంచి లైటు కనిపిస్తోంది, కుక్కర్ విజిల్ వినిపిస్తోంది. దిగలేకపోయాను. చేతులు హ్యాండిల్ మీదే ఉండిపోయాయి. వాళ్ళంటే నాకు ఎంతో ప్రేమ, వాళ్ళకూ నేనంటే ప్రాణం. అయినా ఆ గేటు తీసి లోపలికి నడవడం నావల్ల కాలేదు. ఒక పది నిమిషాలు అలాగే కూర్చుని, స్కూటర్ తిప్పుకుని ఇంటికి వచ్చేశాను. దేవుడు నన్ను విడిచిపెట్టేశాడని ఆ రాత్రి నా భార్యతో అన్నాను.

వారం తర్వాత మా సంఘంలోనే ఉన్న ఒక డాక్టరమ్మ బలవంతంగా పరీక్ష చేయించింది. షుగర్ 380. రెండేళ్ళుగా ఉండి ఉంటుందని చెప్పింది. నేనేమో వారానికి రెండు పూటలు ఉపవాసం, నెలకో ఆల్ నైట్ ప్రేయర్, మధ్యలో వేళకు తిండి లేని తిరుగుడు. కళ్ళు తిరిగితే ఆత్మలో పోరాటం అనుకున్నాను, చిరాకు వస్తే శోధన అనుకున్నాను. మందులు మొదలుపెట్టాక నెలన్నరకు మళ్ళీ ప్రార్థనలో కూర్చోగలిగాను.

అందుకే అందరికీ మొదట ఈ మాటే చెబుతాను: రక్తపరీక్ష చేయించుకోండి. షుగర్, బీపీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్. మొదటి రాజులు 19లో ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని చనిపోతాను ప్రభువా అంటే, దూత వచ్చి ప్రసంగం చెప్పలేదు. తలదగ్గర కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టాడు. తిని పడుకుంటే మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. ఏలీయా ఇంకేం చేయాలో దేవుడు చెప్పింది ఆ తర్వాత, హోరేబు దగ్గర. ఈ అధ్యాయం మీద నేను ఎన్నోసార్లు వాక్యం చెప్పాను. రొట్టె దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగలేదు. హోరేబులో వినబడిన మెల్లని స్వరం దగ్గరికి పరుగెత్తేవాణ్ణి.

ఒంట్లో ఏమీ లేదని రిపోర్టులు వచ్చినా ఇలాగే ఉంటే మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. మన దగ్గర దీన్ని విశ్వాసం లేకపోవడం కింద చూస్తారు, అది తప్పు. లండన్‌లో స్పర్జన్ గారు బోధిస్తే వేలమంది వచ్చేవారు. 1856 అక్టోబరు 19న ఒక సంగీత హాలులో ఆయన కూడిక జరుగుతుండగా ఎవరో మంటలు మంటలు అని అరిచారు. జనం తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 22. ఆ తర్వాత జీవితాంతం కుంగుబాటు ఆయన్ని వదల్లేదు. దాన్ని ఆయన దాచుకోలేదు. సేవకులు కుంగిపోయే సంగతి మీద తన దగ్గర చదువుకునే విద్యార్థులకు ఒక పాఠమే చెప్పారు. మీకు గానీ చచ్చిపోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే, ఈ జవాబు చదవడం ఇక్కడ ఆపేసి 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బులు అక్కర్లేదు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు. పాస్టరునని చెప్పనక్కర్లేదు.

ఇక మీరు మోస్తున్న బరువు సంగతి. మీరు రాసిన దాంట్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ పెద్దాయన వెళ్ళిపోవడం కాదు. "అన్నిటికీ నేనే వెళ్ళాలి, లేకపోతే నొచ్చుకుంటారు" అన్న వాక్యం. పుట్టినరోజు ప్రార్థనకు పాస్టరు, కొత్తింటి ప్రార్థనకు పాస్టరు, మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటే పాస్టరు, పిల్లాడికి స్కూల్లో సీటు కావాలంటే పాస్టరు. హైదరాబాద్‌లో ఇంకో కష్టం ఉంది. ఊళ్ళోనైతే విశ్వాసులందరూ ఒక పేటలో ఉంటారు. ఇక్కడ అద్దెలు పెరిగే కొద్దీ ఒకరు బోడుప్పల్‌కు, ఒకరు సూరారానికి, ఒకరు ఘట్‌కేసర్‌కు వెళ్ళిపోతారు, సంఘం మాత్రం మారరు. ఒక్క సాయంత్రం రెండిళ్ళకు వెళ్ళాలంటే మూడు గంటలు ట్రాఫిక్‌లోనే పోతాయి.

మోషే పరిస్థితి ఇదే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం చుట్టూ నిలబడి ఉంటే, మామ యిత్రో వచ్చి చూసి "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అన్నాడు. నువ్వొక్కడివే కాదు, ఈ జనం కూడా నలిగిపోతారని చెప్పాడు. జనం ఎందుకు నలిగిపోతారో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. మన సంఘాల్లో చూస్తే తెలుస్తుంది. పాస్టరు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూస్తూ వాళ్ళ బాధ అలాగే కూర్చుంటుంది. పక్కింట్లో ఉన్న విశ్వాసి వెళ్ళి ప్రార్థన చేయొచ్చు, కానీ మనం వాళ్ళకు ఎప్పుడూ అలవాటు చేయలేదు.

మా సంఘంలో ఇది మారింది ఒక చావుతో. మనలాంటి స్వతంత్ర సంఘాలకు సొంత సమాధుల తోట ఉండదు కదా. ఎవరైనా ప్రభువు దగ్గరకు వెళ్తే ఫ్రీజర్ బాక్స్ తెప్పించడం, పెట్టె కొనడం, బండి మాట్లాడడం, అన్నిటికంటే ముందు స్థలం కోసం తిరగడం, ఇదంతా పాస్టరు నెత్తినే. ఒక డిసెంబరులో, క్రిస్మస్ కూడికల మధ్యలో, నాలుగు రోజుల్లో ఇద్దరు పోయారు. రెండో ఆమె ఇంట్లో కుటుంబం ఏడుస్తుంటే నేను వరండాలో నిలబడి గోతి తవ్వేవాళ్ళతో ఫోన్లో డబ్బులు మాట్లాడుతున్నాను. లోపల ఆమె కొడుకు ఒంటరిగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాడి పక్కన కూర్చోవాల్సినవాణ్ణి నేను. కూర్చోలేదు.

ఆ జనవరిలో నలుగురు యవ్వనస్థుల్ని పిలిచి ఒక నోట్‌బుక్ ఇచ్చాను. పెట్టె దొరికే చోటు, బండివాళ్ళ నంబర్లు, ఏ సమాధుల తోటలో ఎవరిని అడగాలి, ఏ కాగితాలు కావాలి, దేనికి ఎంత అవుతుంది, అన్నీ వాళ్ళ చేత్తోనే రాయించాను. అప్పటినుంచి చావు కబురు వస్తే ఆ పనులు వాళ్ళవి. నేను వెళ్ళి ఆ ఇంట్లోవాళ్ళ పక్కన కూర్చుంటాను. ఆ నలుగురిలో ఇద్దరు ఇప్పుడు మా సంఘ పెద్దలు. ఇంకో మాట, నోట్‌బుక్ ఇచ్చాక మధ్యలో వెనక్కి తీసుకోకండి. మొదటిసారి వాళ్ళు బండి ఆలస్యంగా తెచ్చారు, బంధువులు అరిచారు. నేను కలగజేసుకోకుండా ఉండడం చాలా కష్టమైంది.

ఫోన్ కూడా అంతే. రాత్రి 10 తర్వాత మా సంఘం నంబరు వారానికొక పెద్ద దగ్గర ఉంటుంది. ఆసుపత్రి, చావు, ఇంట్లో కొట్లాట అయితే నన్ను లేపుతారు. మిగతావి పొద్దున చెబుతారు. మొదట్లో రెండు కుటుంబాలు అలిగాయి, ఒకటి వెళ్ళిపోయింది. బాధేసింది, కానీ పద్ధతి మార్చలేదు. సోమవారం నేను ఏ కూడికా పెట్టుకోను. శనివారం భయానికి నాకు పనికొచ్చిన మార్గం బైబిల్లో ఒక పుస్తకాన్ని మొదటినుంచి వరసగా బోధించడం. ఈ వారం ఏం చెప్పాలి అని వెతుక్కోవడంలోనే సగం ప్రాణం పోతుంది. మార్కు సువార్త 16 అధ్యాయాలే, మాకు ఏడాది పైన పట్టింది. ఆదివారం సాయంత్రానికే వచ్చే వారం భాగం తెలిసిపోతుంది, మంగళవారం నుంచి కొంచెం కొంచెం చదువుకోవచ్చు.

ఇంటి గురించి మీరు ఒక్క లైనే రాశారు. దాని గురించి నేను కొంచెం ఎక్కువే చెబుతాను.

మా అమ్మాయి నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు రాత్రి పదకొండు దాటాక ఇంటికి వచ్చాను. ఒక విశ్వాసి కొడుక్కి డెంగీ అని రెండు రోజులుగా ఆసుపత్రిలోనే తిరుగుతున్నాను. టీవీ మీద ఒక మందుల చీటీ ఉంది, దాని మీద సిరప్ సీసా పెట్టి ఉంది. ఎవరికి అని అడిగాను. నా భార్య కూరగిన్నె మీద మూత తీస్తూ, "పాపకు మూడు రోజులుగా జ్వరం, ఆటోలో తీసుకెళ్ళి చూపించాను" అంది. గొంతులో కోపం లేదు. కోపం లేకపోవడమే నన్ను భయపెట్టింది. నాకు చెప్పాలని కూడా ఆమెకు అనిపించలేదు, అంతలా అలవాటైపోయింది. చీటీ మీద తేదీ మొన్నటిది.

పాస్టరమ్మకు జీతం లేదు, సెలవు లేదు, ఆమెకంటూ పాస్టరు కూడా లేడు. ఆదివారం ఎంత తలనొప్పి ఉన్నా ముందు వరసలో నవ్వుతూ కూర్చోవాలి. కట్టుకున్న చీర గురించి ఒకరు, పిల్లల అల్లరి గురించి ఒకరు. ఆ పెద్దాయన భార్య మీ ఇంట్లో ఎన్నిసార్లు అన్నం తిని ఉంటుంది? వాళ్ళు వెళ్ళిపోతే మీకు ఒక పెద్ద పోయాడు, ఆమెకు బహుశా ఉన్న ఒక్క స్నేహితురాలు పోయింది. ఈ వారం ఆమెను ఒక్క ప్రశ్న అడగండి: "నీకు ఏది బరువుగా ఉంది?" ఆమె చెప్తుంటే మధ్యలో వాక్యం ఎత్తకండి. వింటూ ఉండండి.

డబ్బు గురించి త్వరగా చెప్పేస్తాను. కానుక ఎప్పుడూ ఇద్దరు లెక్కపెట్టి సంతకాలు చేయాలి, ఆ ఇద్దరిలో మీరు ఉండకూడదు. సంఘం పేరు మీద సొసైటీ గానీ ట్రస్టు గానీ రిజిస్టర్ చేసి, దాని పేరు మీదే బ్యాంకు ఖాతా తెరవండి. మీకు ఎంత తక్కువైనా సరే నెలకు ఇంత అని పెద్దలతో రాయించుకోండి. ఒక నెల ఎక్కువ, ఒక నెల ఏమీ లేకుండా బతకడం మనిషిని లోపల తినేస్తుంది. విశ్వాసుల చిట్టీల్లో చేరకండి, వాళ్ళ అప్పులకు జామీను ఉండకండి. నాకు తెలిసిన ముగ్గురు సేవకులు సువార్త వల్ల కాదు, చిట్టీల వల్ల ఊరు వదిలారు. హాలు అద్దె బాకీ సంగతి దాచుకోకుండా సంఘానికి చెప్పండి. వాళ్ళకు తెలియదు కాబట్టే ఇవ్వడం లేదేమో.

చీలిక గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. మా దగ్గర కూడా ఒకాయన 14 కుటుంబాలతో వెళ్ళిపోయాడు. నేను వరసగా ఐదు ఆదివారాలు బైబిల్లో తిరగబడినవాళ్ళ గురించి, ద్రోహం చేసినవాళ్ళ గురించి, అంటే కోరహు గురించి, యూదా గురించి, అబ్షాలోము గురించి బోధించాను. ఎవరి పేరూ ఎత్తలేదు, ఎవరి గురించో అందరికీ తెలుసు. ఆరో ఆదివారానికి ఇంకో ఆరు కుటుంబాలు రాలేదు. వాళ్ళు అవతలి సంఘానికి కూడా వెళ్ళలేదు, ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ ఆరు కుటుంబాల్ని పోగొట్టింది ఆయన కాదు, నేను. పరిశుద్ధమైన ప్రసంగ వేదికను నా గాయానికి వాడుకున్నాను. తర్వాత సంఘం ముందు క్షమాపణ అడిగాను, రెండు కుటుంబాలు తిరిగి వచ్చాయి. మీకు కోపం ఉంటుంది, ఉండడం తప్పని నేను అనను. దాన్ని సోమవారం ఒక పెద్ద సేవకుడి దగ్గర కక్కేయండి, ఆదివారం ప్రసంగంలోకి మాత్రం తీసుకురావద్దు. మార్కు విషయంలో తగవుపడి పౌలు, బర్నబా విడిపోయారు. చివరి రోజుల్లో అదే పౌలు జైల్లోంచి మార్కును వెంటబెట్టుకొని రా, నాకు అతను కావాలని తిమోతికి రాశాడు. మీకు ఆ పదకొండు కుటుంబాలతో అలాంటి రోజు వస్తుందని నేను మాటివ్వలేను. ఎదురుపడితే పలకరించే దారి మాత్రం మూసుకోకండి.

ఇక మీ అసలు ప్రశ్న. వెళ్ళిపోతే మోసమా?

అమెరికా బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే గారు 1836లో మన దేశం వచ్చారు, 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి చెప్పుకోదగ్గ ఫలం లేదు. ఈ పని మూసేద్దామా అని అమెరికాలో ఆయన్ని పంపిన మిషన్ బోర్డులో ఒకసారి కాదు, పదేపదే చర్చ జరిగింది. ఆరోగ్యం పాడై 1853లో ఆయన తిరిగి వెళ్ళిపోయారు. ఆయనతో పనిచేసిన మిషనరీ జ్యూయెట్ గారు ఉండిపోయారు, తర్వాత ఇంకో మిషనరీ క్లౌ గారు ఒంగోలు వచ్చారు. ఘోరమైన కరువు తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన సభల్లో ఆ అంకె ఎప్పుడూ చెప్తారు, ఓపిక పడితే నీకూ ఇలాగే జరుగుతుంది అంటారు. అలా చెప్పడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే అలా జరగని సేవకులే ఎక్కువ. నేను డే గారి గురించి ఆలోచిస్తాను. ఆ రోజును ఆయన తన కళ్ళతో చూడలేదు, మధ్యలోనే వెళ్ళిపోయారు. ఆయన ఓడిపోయారని మీరు అంటారా? నేను అనను.

కొన్ని సందర్భాల్లో వెళ్ళిపోవడమే సరైనది. ఇల్లు విరిగిపోతుంటే, ఒంట్లో శక్తి లేదని డాక్టర్లు చెబితే, దాచిన పాపం ఏదైనా ఉంటే, లేదా మొదటినుంచి ఇది మన పిలుపు కాదు, ఎవరో మొక్కుకున్నారని వచ్చామని తెలిస్తే. నాతో పాటు బైబిల్ శిక్షణ తీసుకున్న ఒక మిత్రుడు 12 ఏళ్ళ తర్వాత సంఘాన్ని వేరొకరికి అప్పగించి ఒక స్కూలు ఆఫీసులో చేరాడు. ఇప్పుడు ఒక సంఘంలో సండే స్కూల్ చూసుకుంటున్నాడు. వాడు పిల్లలకు దావీదు కథ చెబుతుంటే తల్లిదండ్రులు కూడా వెనక నిలబడి వింటారు. మధ్యేమార్గం కూడా ఉంది. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లతో కలిసి డేరాలు కుట్టాడు. పొద్దున ఉద్యోగం, సాయంత్రం సంఘం అని నేను 11 ఏళ్ళు చేశాను. సందర్శన తగ్గుతుంది, ఇంట్లో బియ్యానికి లోటుండదు. మీకు అది కుదురుతుందేమో పెద్దలతో మాట్లాడి చూడండి. వెళ్ళినా, ఉన్నా, ఒక్కటి వద్దు: ఆదివారం రాత్రి కోపంలో వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టి వెళ్ళిపోకండి. ఆ సంఘంలో మీరు బాప్తిస్మం ఇచ్చినవాళ్ళున్నారు.

నేను రాసుకున్న ఉత్తరం సంగతి. పెద్దలకు ఇచ్చే ముందు, మా ఇంటికి దూరంగా సికింద్రాబాద్‌లో ఉండే ఒక వృద్ధ పాస్టరు గారికి చూపించాను. ఆయన చదివి, మడిచి, తన బైబిల్లో పెట్టుకున్నారు. "మూడు నెలల తర్వాత వచ్చి అడుగు, ఇచ్చేస్తాను. అప్పటిదాకా ప్రతి సోమవారం టిఫిన్‌కి రా" అన్నారు. నేను వెళ్ళిన ప్రతిసారీ ఆయన సంఘం గురించి ఏమీ అడగలేదు, మందులు వేసుకున్నావా, నిద్రపోయావా అని అడిగేవారు. మూడు నెలలకు నేను అడగలేదు, ఆయనా ఇవ్వలేదు. ఆయన పోయాక ఆ బైబిల్లో ఉత్తరం ఇంకా ఉందని వాళ్ళబ్బాయి చెప్పాడు.

ఇప్పుడు నెలకు రెండు సోమవారాలు మేం ఆరుగురు సేవకులం ఉదయం 8 గంటలకు కలుస్తాం. వేర్వేరు డినామినేషన్లు, ఎవరి సంఘంలోకీ ఎవరూ తొంగిచూడరు. అక్కడ చెప్పింది బయటికి పోదు. పాస్టరమ్మలు పక్క గదిలో విడిగా కూర్చుంటారు, వాళ్ళేం మాట్లాడుకుంటారో మేం అడగం. కుషాయిగూడ నుంచి మీకు పెద్ద దూరం కాదు. ఇక్కడే నాకు విడిగా మెసేజ్ పెట్టండి, ఎక్కడో చెబుతాను. చెల్లెమ్మను కూడా తీసుకురండి. ఉత్తరం రాసి ఉంటే అది కూడా.